రాయలసీమ ఎండలో పాత కార్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నా దగ్గర ప్రస్తుతం మూడు పాత కార్లు ఉన్నాయి: 1986 నాటి ప్రీమియర్ పద్మిని, మా మేనమామ చేతుల మీదుగా వచ్చిన అంబాసిడర్, ఎనిమిదేళ్ళు షెడ్డులోనే గడిపి ఈ మధ్యనే రోడ్డెక్కిన స్టాండర్డ్ హెరాల్డ్. అనంతపురంలో ఈ బండ్లతో ఎక్కడ ఆగినా, పెట్రోలు బంకులోనైనా పెళ్ళి పందిరి ముందరైనా, దగ్గరికి వచ్చి అడిగేవారి ప్రశ్నలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి కనుక జవాబులను ఒకచోట రాసిపెడుతున్నాను. నేను మెకానిక్‌ను కాను. మన ఎండకు, మన దుమ్ముకు, మన బోరు నీటికి ఈ బండ్లు ఎలా స్పందిస్తాయో చేతులు కాల్చుకుని తెలుసుకున్నవాడిని. సముద్రతీరంలో ఉండేవారికి ఇందులో కొన్ని మాటలు వర్తించవు.

మొదటిసారి పాత కారు కొనేవారు ఏ బండితో మొదలుపెట్టడం మంచిది?

పద్మినితో గానీ అంబాసిడర్‌తో గానీ మొదలుపెట్టండి. ఇటలీ ఫియట్ 1100 నమూనాను బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఇక్కడ తయారు చేయగా, 1970ల నడుమ దానికి పద్మిని అనే పేరు వచ్చింది. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కన గేరు కడ్డీ, వెనుక చక్రాలకు శక్తి, ఇంతే దాని నిర్మాణం. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్ 1950ల చివరి నుంచి 2014 వరకు నడిచింది. ఇంత కాలం, ఇంత పెద్ద సంఖ్యలో తయారైనందువల్లనే ఈ రెండింటి భాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి, వీటిని విప్పి బిగించిన చేతులు ప్రతి ఊళ్ళోనూ ఇంకా ఉన్నాయి.

హెరాల్డ్‌ను, బెంగళూరులో తయారైన ఫైబర్ బాడీ సిపాని డాల్ఫిన్‌ను చూసి మనసు పారేసుకునేవారు ఎక్కువ, నేనూ అలాంటివాడినే. కానీ వాటికి ఒక విండ్‌స్క్రీన్ పగిలితే ఆరు నెలలు వెతకవలసి వస్తుంది. కనుక అవి రెండో బండిగానే మేలు.

మన వైపు కార్లకు తుప్పు పట్టదంటారు. నిజమేనా?

చాలావరకు నిజం. అనంతపురంలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే, గాలిలో ఉప్పు లేదు, తేమ తక్కువ. ముప్పయి, నలభై ఏళ్ళు ఇక్కడే తిరిగిన బండి అడుగుభాగం చూస్తే ఎర్రమట్టి పేరుకుని ఉంటుందే తప్ప రేకు మాత్రం గట్టిగానే ఉంటుంది. ఆ బదులు ఎండ తన వాటా తాను తీసుకుంటుంది: డ్యాష్‌బోర్డు పగుళ్ళు తీస్తుంది, తలుపుల రబ్బర్లు పెంకుల్లా రాలుతాయి, పైకప్పు రంగు సున్నంలా చేతికి అంటుకుంటుంది. రబ్బరు మార్చుకోవచ్చు, రేకు మార్చడం కష్టం, కాబట్టి ఇది మనకు లాభసాటి బేరమే.

అయితే అమ్మకానికి వచ్చే బండి మన దగ్గరే పుట్టి పెరిగిందని అనుకోరాదు. చెన్నై నుంచి, మంగళూరు నుంచి తెచ్చి ఇక్కడ టింకరింగ్ చేయించి, లప్పం పూసి, మెరిసే రంగు కొట్టించి అమ్మేవారున్నారు. చేతిలో చిన్న అయస్కాంతం పట్టుకుని వెళ్ళి తలుపుల అడుగు అంచుల మీద, చక్రాల పైని వంపుల మీద ఆనించి చూడండి. లప్పం మందంగా ఉన్నచోట అది అంటుకోదు. కాళ్ళ దగ్గరి మ్యాటును పైకెత్తి నేల రేకును చూడండి, బ్యాటరీ కింది పళ్ళాన్ని, వెనుక కమాన్ కట్టలు చట్రానికి బిగిసే చోటును తప్పకుండా తడిమి చూడండి. డాల్ఫిన్ బాడీ ఫైబరే అయినా దాని కింది చట్రం ఇనుమేనన్న సంగతిని కొనేవారు మరచిపోతుంటారు.

కాగితాల్లో ఏమేమి చూసుకోవాలి?

ఆర్‌సీలోని ఛాసిస్ నంబరును, ఇంజను నంబరును బండి మీద ఉన్నవాటితో మీరే స్వయంగా అక్షరం అక్షరం సరిపోల్చండి. పాత బండ్లలో ఇంజను ఎప్పుడో మారిపోయి, కాగితంలో మాత్రం మారకుండా ఉండటం మామూలే. సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్ళు చెల్లుతుంది, తరువాత తనిఖీ చేయించి అయిదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. ఆ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెంచారు, 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్లకు 10,000 రూపాయలు చేశారు. బేరం ఆడేటప్పుడు ఈ మొత్తాన్ని, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్‌ను లెక్కలో వేసుకోండి.

పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండిని రోడ్డు మీదికి రానివ్వరన్న భయం చాలామందిలో ఉంది. ఆ కట్టుబాటు ఢిల్లీ, దాని పరిసర ప్రాంతాలకు సంబంధించినది, మనకు కాదు. యాభై ఏళ్ళు నిండిన బండ్ల కోసం 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. కొత్తగా నమోదు చేయించడానికి 20,000 రూపాయలు కట్టాలి, అది పదేళ్ళు చెల్లుతుంది, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కానీ అలా నమోదైన బండిని రోజువారీ పనులకు వాడుకోకూడదు. బండిని అంగడికీ, ఆఫీసుకూ తిప్పాలనుకునే నాలాంటివారికి మామూలు రిజిస్ట్రేషన్‌ను పొడిగించుకుంటూ పోవడమే అనుకూలం.

వేసవిలో బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది, అరగంట తరువాత ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఎందుకు?

నన్ను అందరికంటే ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇది, నేను అందరికంటే ఎక్కువ డబ్బు పోగొట్టుకున్నదీ ఇక్కడే. కారణాలు ముఖ్యంగా మూడు. మొదటిది, పెట్రోలు ఆవిరై అడ్డుపడటం. ఈ బండ్లలో పెట్రోలు పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది కాబట్టి, కర్నూలులోనో కడపలోనో మే నెల మధ్యాహ్నం 42, 43 డిగ్రీల ఎండలో ఇంజను వేడి కూడా తోడై, గొట్టంలోని పెట్రోలు ద్రవంగా ఉండక ఆవిరిగా మారుతుంది. పంపు ద్రవాన్ని తోడగలదు గానీ ఆవిరిని తోడలేదు. రెండోది, ప్లగ్గులకు కావలసిన అధిక వోల్టేజీని పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ వేడెక్కి నిప్పురవ్వ బలహీనపడటం, మూడోది, ఆ కరెంటును ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని కండెన్సర్ అనే చిన్న భాగం వేడికి పనిచేయకపోవడం. మూడింటికీ లక్షణం ఒకటే, చల్లబడగానే అంతా సర్దుకుంటుంది, కనుక ఊహతో భాగాలు మారుస్తూ పోతే ఎంత డబ్బైనా చాలదు.

నా పద్మిని మొదటిసారి పామిడి దగ్గర, పెన్న వంతెన దాటగానే ఆగింది. పంపు మీద తడిగుడ్డ వేసి, నీళ్ళు పోసి, పది నిమిషాలు ఆగితే కదిలింది. ఇంకేముంది, రోగం తెలిసిపోయిందనుకుని పంపులో పెట్రోలును తోడే రబ్బరు పొరను, అంటే డయాఫ్రంను మార్పించాను. మళ్ళీ ఆగింది, మళ్ళీ మార్పించాను. ఆ పది నిమిషాల్లో చల్లబడింది పంపు ఒక్కటే కాదని, పక్కనున్న కండెన్సర్ కూడా చల్లబడిందని నాకు రెండు వేసవులు తట్టలేదు. చివరికి గుత్తిలో ఒక వృద్ధ మేస్త్రీ, “నీళ్ళు పోయొద్దు సార్, ముందు కరెంటు చూడండి” అని, ప్లగ్గు వైరును ఇంజనుకు దగ్గరగా పట్టించి సెల్ఫ్ కొట్టించారు. నీలంగా టపటపమని కొట్టవలసిన నిప్పురవ్వ పసుపుపచ్చగా, నీరసంగా ఉంది. కొత్త కండెన్సర్ ఖరీదు నేను అప్పటికి రెండు పంపు కిట్లకు పెట్టిన ఖర్చులో పదోవంతు కూడా లేదు.

కాబట్టి బండి ఆగిన వెంటనే, చల్లారకముందే, నిప్పురవ్వను చూడండి. అది బలంగా ఉంటే అప్పుడు కాయిల్ వైరు ఊడదీసి, కార్బురేటర్‌కు వచ్చే గొట్టాన్ని విప్పి ఒక సీసాలోకి పట్టి సెల్ఫ్ కొట్టండి. పెట్రోలు చిమ్మకపోతే లోపం పంపుదో ఆవిరిదో అవుతుంది. కాయిల్ వైరు తీయకుండా ఈ పరీక్ష చేయవద్దు, వేడి ఇంజను మీద పెట్రోలు, పక్కన నిప్పురవ్వ రెండూ కలిసే అవకాశం ఇవ్వకూడదు. ఆవిరే కారణమని తేలితే, పంపుకూ ఎగ్జాస్ట్ గొట్టానికీ మధ్య అల్యూమినియం రేకు అడ్డం పెట్టించడం, పంపు కింద మందమైన ఫైబర్ ప్యాకింగ్ వేయించడం, పెట్రోలు గొట్టాన్ని ఇంజను హెడ్‌కు దూరంగా తిప్పించడం సరిపోతాయి. ఇవేవీ సాగకపోతేనే ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెట్టించుకోండి.

రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోయవచ్చా?

ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప పోయకూడదు. మన జిల్లాల నీళ్ళనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ, రేడియేటర్‌ను చంపేది ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. స్టవ్వు మీద పెట్టే గిన్నె అడుగున తెల్లగా కట్టే గార ఇంజను లోపలి నీటి దారుల్లోనూ, రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అలాగే కడుతుంది. గార వేడిని సరిగ్గా ప్రసరించనివ్వదు కాబట్టి, నీళ్ళు నిండుగా ఉన్నా బండి హీటెక్కుతూనే ఉంటుంది. బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటర్‌ను తుప్పు నివారించే కూలెంట్‌తో కలిపి పోయండి.

ఇంతకుముందే గార కట్టిన రేడియేటర్‌ను పారవేయకండి. పాత బండ్ల రేడియేటర్లు రాగి, ఇత్తడివి. పైతొట్టిని విప్పి, గొట్టాల్లో సన్నని కడ్డీ ఆడించి శుభ్రం చేసి, తిరిగి అతికించగల పనివారు ఇప్పటికీ ఉన్నారు. ప్లాస్టిక్ తొట్లు వచ్చిన తరువాతి బండ్లకు ఈ భాగ్యం లేదు. రేడియేటర్ మూతను కూడా చూడండి. మూత స్ప్రింగు నిలిపే ఒత్తిడి వల్లనే లోపలి నీరు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. దాని రబ్బరు వాషరు ఎండిపోతే, మిగిలినదంతా కొత్తదే అయినా ప్రయోజనం ఉండదు.

డ్రమ్ము బ్రేకులతో ఘాట్ రోడ్డు దిగడం ప్రమాదం కాదా?

దిగే పద్ధతి తెలియకపోతే ప్రమాదమే. రాయచోటి వైపు నుంచి కడపకు వచ్చేటప్పుడు గువ్వలచెరువు దగ్గర పాలకోవా కోసం ఆగని కారు ఉండదు. నేను మాత్రం కోవా కంటే ముందు బ్రేకుల కోసం ఆగుతాను, ఎందుకంటే అసలు దిగుడు అక్కడి నుంచే. డ్రమ్ము వేడెక్కినకొద్దీ వ్యాకోచించి బ్రేకు షూలకు దూరంగా జరుగుతుంది, కనుక పెడల్ నిన్నటికంటే లోతుకు దిగుతుంది. షూల మీది లైనింగ్ కూడా వేడికి పట్టు వదులుతుంది. బ్రేక్ ఆయిల్ పాతదై అందులోకి తేమ చేరి ఉంటే, ఆ తేమ మరిగి ఆవిరై పెడల్ స్పాంజిలా మెత్తబడుతుంది. అంబాసిడర్‌తో తొలిసారి ఈ ఘాట్ దిగినప్పుడు మూడో మలుపులో నాకు జరిగింది ఇదే. హ్యాండ్ బ్రేకుతోనూ, గేరు తగ్గించీ, గోడ వైపుకు ఒరిగించి ఆపగలిగాను. వెనుక సీట్లో ఉన్న మా అత్తమ్మ ఆ తరువాత రెండేళ్ళు ఆ కారెక్కలేదు.

ఘాట్ ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు వేయండి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, గట్టిగా తొక్కి వేగం తగ్గించి మళ్ళీ పూర్తిగా వదిలేస్తూ ఉంటే డ్రమ్ములకు చల్లబడే వ్యవధి దొరుకుతుంది. బ్రేక్ ఆయిల్‌ను రెండేళ్ళకొకసారి, బండి తిరిగినా తిరగకపోయినా, పూర్తిగా మార్పించండి.

హెరాల్డ్‌కు ప్రత్యేకమైన జాగ్రత్తలు ఏమైనా ఉన్నాయా?

మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రాడక్ట్స్ 1961 నుంచి తయారు చేసిన ఈ బండి ముందు భాగమంతా, మడ్‌గార్డులతో సహా, ముందుకు తెరుచుకుంటుంది. చక్రం మీద కూర్చుని ఇంజను పని చేసుకునే సుఖం మరే కారులోనూ లేదు. ఎంత ఇరుకు సందులోనైనా మూడు చక్రాల ఆటోలా తిరుగుతుంది. కానీ దాని ముందు చక్రాలను మోసే నిలువు కడ్డీ అడుగున ట్రనియన్ అనే భాగం ఉంటుంది. అక్కడ గ్రీజు కాదు, గేర్ ఆయిల్ పెట్టాలి. నేను బండి కొన్న కొత్తలో సర్వీసుకు ఇచ్చిన చోట, నిపిల్ కనబడింది కదా అని అన్నిటితోపాటు దానికీ గ్రీజు కొట్టి పంపారు. గ్రీజు గట్టిపడి లోపలి మర చుట్లు (థ్రెడ్లు) ఎండిపోయాయి, తేమ చేరి లోపల తినేసింది. ఒక ఉదయం ఇంటి గేటు ముందు స్టీరింగ్ తిప్పుతుండగా కడ్డీ విరిగి ఎడమ చక్రం బండి కిందికి మడుచుకుపోయింది. అదే హైవే మీద జరిగి ఉంటే ఇది రాయడానికి నేను ఉండేవాడిని కాను. హెరాల్డ్ ఉన్నవారు, కొనదలచినవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత బండ్లకు హాని చేస్తుందా?

చేస్తుంది, కానీ నివారించుకోవచ్చు. దేశమంతటా పది శాతం కలపడం 2022లో సాధించారు, 2023 నుంచి ఇరవై శాతానికి మళ్ళారు. ఆ కాలపు రబ్బరు గొట్టాలు, డయాఫ్రంలు ఇథనాల్‌కు ఉబ్బి, మెత్తబడి, చివరికి చిట్లుతాయి. మన ఎండలో కారే పెట్రోలు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ముందుగా గొట్టాలన్నిటినీ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్పించండి. ఇథనాల్ ట్యాంకు గోడలకు దశాబ్దాలుగా అంటుకున్న జిగురును కడిగి కార్బురేటర్‌కు పంపుతుంది, కనుక మొదటి కొన్ని నెలలు ఫిల్టరును తరచుగా మార్చండి. ఒకే బరువు పెట్రోలుకు కావలసినంత గాలి ఇథనాల్‌కు అక్కరలేదు, కాబట్టి కార్బురేటర్‌లో పెట్రోలు కొలతను నిర్ణయించే జెట్లు పాతవే ఉంచి నడిస్తే మిశ్రమం పలచబడి ఇంజను అదనంగా వేడెక్కుతుంది. నా పద్మినికి మెయిన్ జెట్ ఒక సైజు పెంచిన తరువాత వేసవిలో ఉష్ణోగ్రత ముల్లు కుదురుకుంది. ఇవి తక్కువ కంప్రెషన్ ఇంజన్లు కనుక ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఖరీదైన పెట్రోలు వల్ల బలం పెరగదు.

మైలేజీ ఎంత?

పద్మిని పదకొండు, పన్నెండు. అంబాసిడర్ తొమ్మిది. హెరాల్డ్ సంగతి నేను లెక్కపెట్టలేదు.

ఏయే మార్పులు చేయించుకోవచ్చు?

బండి ముందు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితికి చేరిన తరువాతనే మార్పుల గురించి ఆలోచించాలన్నది నా నియమం. డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును కలిపి తెంచే పాయింట్లు సరిగ్గా పెట్టలేని బండికి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టి ప్రయోజనం లేదు. రెండో నియమం, మార్చిన దేన్నైనా తిరిగి పాత స్థితికి తేగలగాలి: కొత్త రంధ్రాలు వేయకూడదు, చట్రం కోయకూడదు, తీసిన భాగాన్ని చీటీ కట్టి దాచాలి.

ఈ హద్దులో నేను చేసినవి చెబుతాను. హెడ్‌లైట్ల కరెంటు పాత స్విచ్చు గుండా కాకుండా రిలేల (కొద్ది కరెంటుతో పనిచేసి ఎక్కువ కరెంటును కలిపే స్విచ్చుల) ద్వారా వెళ్ళేలా మార్చాను, అవే బల్బులు రెట్టింపు వెలుగునిచ్చినట్టు అనిపించింది. డైనమో స్థానంలో ఆల్టర్నేటర్ పెట్టించాను, అన్ని సీట్లకూ బెల్టులు పెట్టించాను. తొలినాటి అంబాసిడర్లలో బ్యాటరీ ప్లస్సే బాడీకి కలిపి ఉంటుంది. అది చూసుకోకుండా ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌నో, ఫోను చార్జర్‌నో కలిపితే క్షణంలో కాలిపోతాయి.

ఇంజను మార్పిడి మాత్రం వద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు, ఇంజను మార్చాలంటే రవాణా శాఖ అనుమతితో ఆర్‌సీలో ఎక్కించాలి. అనుమతి లేని బండికి ప్రమాదం జరిగితే బీమా కూడా చిక్కుల్లో పడుతుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, పెట్రోలు అంబాసిడర్‌లో ఏదో ఒక డీజిల్ ఇంజను కూర్చోబెట్టిన బండ్లను ఎన్నో చూశాను, వాటిలో ఒక్కటీ అంబాసిడర్‌లా నడవదు.

విడి భాగాలు ఎక్కడ దొరుకుతాయి?

అనంతపురం నుంచి బెంగళూరు జేసీ రోడ్డు దగ్గర, కడప నుంచి చెన్నై పుదుపేట దగ్గర, కర్నూలు నుంచి హైదరాబాద్ రాణిగంజ్ దగ్గర. పాత భాగాన్ని విప్పి చేతపట్టుకుని వెళ్ళండి, ఫోటో చూపితే దాదాపు తప్పు భాగమే ఇస్తారు. ఎక్కడా దొరకని బుష్షులను, పిన్నులను లేత్ మీద తయారు చేయించవచ్చు. బ్రేకులకు, స్టీరింగ్‌కు సంబంధించినవాటిని మాత్రం అలా చేయించకండి.

బండిని కొన్ని నెలలు కదల్చకుండా ఉంచవలసివస్తే ఏం చేయాలి?

ట్యాంకు ఖాళీగా వదలకండి, బ్యాటరీ తీగ విప్పండి, హ్యాండ్ బ్రేకు వేసి ఉంచకుండా చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టండి, లేకపోతే షూలు డ్రమ్ములకు అతుక్కుంటాయి. చుట్టుపక్కల వేరుశనగ మూటలు నిలవచేసే ఇళ్ళున్నవారు ఎలుకల సంగతి మరచిపోవద్దు. మా హెరాల్డ్ వైరింగ్‌ను రెండుసార్లు అవే తిన్నాయి. తిరిగి తీసేరోజున ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ వేసి, ప్లగ్గులు లేకుండానే ఆయిల్ లైటు ఆరేవరకు సెల్ఫ్ తిప్పండి. ప్లగ్గులు బిగించడం ఆ తరువాతే.